రెజిన్ ఎండకూడదు

పోలిరాజు సెలవు పెట్టి ఊరెళ్లేటప్పుడు కూడా, గేటు దాటేముందు ఎవరో ఒకరిని పట్టుకుని "రెజిను సూడండ్రా, ఎండిపోనీకండి" అని చెప్పి గాని కదిలేవాడు కాదు. మేం నవ్వేవాళ్లం. అతను పట్టించుకునేవాడు కాదు. విశాఖపట్నం పోర్టుకి దగ్గర్లో ఒక ఫ్యాక్టరీలో, బాయిలరుకి వెళ్లే నీళ్లని శుభ్రం చేసే ప్లాంటులో ఇద్దరం పనిచేసేవాళ్లం. అతను ఆపరేటరు, నేను ఫిట్టర్ని. నా పేరు గఫూర్. మాది వన్‌టౌన్. మా ఇంట్లో తరతరాలుగా కుట్టుపనే. కాబట్టి పొలాల గురించి నాకు తెలిసిందల్లా పోలిరాజు చెప్పిందే, అదీ నేను అడక్కుండానే చెప్పిందే.

ముందు రెజిన్ అంటే ఏమిటో చెప్పాలి. నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లటి గార కడుతుంది కదా. అదే గార బాయిలరు గొట్టాల్లో కడితే గొట్టాలు పగిలిపోతాయి. అందుకని నీళ్లలో కరిగి ఉన్న ఉప్పుల్ని ముందే లాగేయాలి. ఆ పని చేసేది రెజిన్. చూడటానికి తేనె రంగులో, చేప గుడ్లలా ఉండే సన్నటి గుళికలు. నీళ్లు వాటి మధ్య నుంచి పోతుంటే ఉప్పులు గుళికలకు అంటుకుపోతాయి. పట్టినంత పట్టాక మందు నీళ్లతో కడిగితే అంతా వదిలేసి మళ్లీ మొదటికి వస్తాయి. గట్టి సరుకే గానీ దానికి ఒక జబ్బుంది. ఎండితే ముడుచుకుపోతుంది, ఒక్కోసారి బీటలిస్తుంది. ఎండినదాని మీద గబుక్కున నీళ్లు పోస్తే ఉబ్బి పగిలిపోతుంది.

పోలిరాజు ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక మే నెలలో ఎవరో రెజిన్ డ్రమ్ము మూత సరిగ్గా పెట్టకుండా ఎండలో వదిలేశారు. తర్వాత చూసుకోకుండా దాన్ని ట్యాంకులోకి ఎత్తి నీళ్లు వదిలారు. డ్రమ్ముడు సరుకూ పిండి పిండి అయిపోయింది. ఆ పిండి ఎత్తి పోసింది పోలిరాజే. ఆ రోజు నుంచి అతనికి అదొక మడి అయిపోయింది. తాగే నీళ్లు మర్చిపోతాడేమో గానీ రెజిన్‌కి తడి మర్చిపోడు.

అతను పుట్టుకతో రైతు. స్టీలు ప్లాంటు కోసం తీసుకున్న ఊళ్లలో వాళ్లదీ ఒకటి. ఉక్కునగరం క్వార్టర్లు లేస్తున్న రోజుల్లో ఒకసారి నన్ను అటు తీసుకెళ్లి, ఒక కంకర గుట్ట పక్కన నిలబడి, "ఇక్కడ మా సోడి సేను గఫూరూ" అన్నాడు. రాగుల్ని మా వైపు చోళ్లంటారు. నేను ఆ గుట్టని చూశాను. ఏమనాలో తెలియక "మంచి చోటే" అన్నాను. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

భూమి పోయాక అతనికి మట్టి తొక్కే చోటు ఒక్కటే మిగిలింది. పెందుర్తి దాటాక, బావ అప్పలసూరి చేను. అప్పలసూరి అంటే పోలిరాజు భార్య తాయారుకి అన్న. ఏటవాలుగా ఉండే ఎర్ర నేల. అందులో పండే చోళ్లే ఆ ఇంటికి ఏడాది పొడుగునా అంబలి. ఆదివారం వస్తే చాలు, పోలిరాజు మల్కాపురంలో బస్సెక్కి అక్కడికి పోయేవాడు. అత్తారింటికి కాదు, చేనుకి. ముందు చేను చూసి, తర్వాత ఇంట్లో కాళ్లు కడుక్కునేవాడు. తాయారు ఎన్నిసార్లు దెప్పినా అదే వరస.

ఎనభై నాలుగులో అనుకుంటాను, వ్యవసాయ పరిశోధన చేసే సీతారామాంజనేయులు గారు మా ప్లాంటుకి వచ్చారు. కొంచెం రెజిన్ కావాలన్నారు. ఎందుకంటే, దాన్ని చిన్న చిన్న సంచుల్లో కట్టి పొలంలో పాతిపెడతారట. పంట వేరు మట్టిలోంచి పోషకాల్ని లాక్కున్నట్టే గుళికలు కూడా లాక్కుంటాయట. కొన్ని వారాలాగి తీసి కడిగితే, ఆ నేల పంటకి ఏపాటి తిండి పెడుతోందో తెలుస్తుందట. అయితే ఎండా వానా మారినప్పుడల్లా ఆ గుళికలు పట్టుకునేది కూడా మారిపోతోంది. ఎంత మారుతోంది, అందులో నేల గొప్ప ఎంత, వాతావరణం గొప్ప ఎంత? అది తేల్చాలని ఆయన తాపత్రయం.

ఇదంతా వింటూ పోలిరాజు నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. అతని బతుకులోని రెండు ముక్కలూ, పోయిన మట్టీ ఉన్న రెజినూ, ఒకే సంచిలో పడ్డాయి మరి. మా మేనేజరు ఒప్పుకోగానే సరుకు కడిగి సిద్ధం చేసే పని తానే మీద వేసుకున్నాడు. సంచులకి సన్నటి నేత నైలాను గుడ్డ కావాలంటే తాయారుది చిరిగిన నైలాను చీర పట్టుకొచ్చాడు. మా అన్న రహమాన్ వన్‌టౌన్‌లో కుట్టుమిషను మీద వాటిని కుట్టాడు. "ఏం కుడుతున్నానో చెప్పకుండా కుట్టించుకున్న మొదటి బేరం ఇదే" అని మా అన్న ఇప్పటికీ అంటాడు.

పెందుర్తి చుట్టుపక్కల నాలుగు పొలాల్లో సంచులు పాతారు. అందులో అప్పలసూరి చేను ఒకటి. పెట్టించింది పోలిరాజే. శివరాత్రి వెళ్లిన తర్వాత పాతి, ఎండలు ముదిరాక తీయాలని ఏర్పాటు. తర్వాత వానాకాలంలో మళ్లీ కొత్త సంచులు.

ఆ ఏడు ఎండలు ముందే దిగాయి. నేల మీద కాలు పెడితే చుర్రుమనేది. ఆదివారం పోలిరాజు చేను గట్టున నిలబడి సంచి పాతిన చోటు చూసేవాడు. పైన మట్టి నెర్రెలిచ్చింది. లోపల రెజిన్. తన చేతులతో కడిగిన రెజిన్. డ్రమ్ముడు పిండి ఎత్తి పోసిన మనిషికి అది చూస్తూ ఊరుకోవడం వల్లవుతుందా? బావిలోంచి బిందెతో నీళ్లు తెచ్చి, ప్రతి సంచి మీదా నెమ్మదిగా, మట్టి కుదుళ్లకి పోసినట్టు పోసేవాడు. వచ్చిన ప్రతి వారమూ పోశాడు. దొంగతనంగా కాదు. తప్పని అనిపిస్తే గదా దాచడానికి! మా ప్లాంటులో పనిచేసినవాడు ఎవడైనా అదే చేసేవాడు. నేనైనా పోసేవాణ్ణే.

సంచులు తీసి, కడిగి చూశాక సీతారామాంజనేయులు గారు ఆశ్చర్యపోయారు. మిగతా మూడు పొలాల్లో గుళికలకి దాదాపు ఏమీ అంటలేదు. అప్పలసూరి చేనులో మాత్రం బాగా అంటింది. "మీ బావగారి నేల చిత్రంగా ఉందండీ. కానీ ఇది ఒక్క వేసవి మాట. వానాకాలం సంచులు కూడా చూసేదాకా రైతులకి ఏమీ చెప్పొద్దు" అన్నారు.

పోలిరాజు చెవిలోకి మొదటి వాక్యమే వెళ్లింది. ఆ రోజు ప్లాంటులో అతని నడకే మారిపోయింది. "మా బావ సేను" అన్నాడు నాతో, "నాలుగింట్లో అదే మొనగాడంట!" నాకూ సంతోషమేసింది. పోయిన చేను తిరిగొచ్చినట్టు మొహం పెట్టాడు, సంతోషం వేయదా?

ఇక్కడ గొర్రెల మంద సంగతి చెప్పాలి. ఎరువులు కొనలేని రైతులు వేసవిలో కాపరుల్ని పిలిచి, కొన్ని రాత్రులు గొర్రెల మందని చేనులో కట్టించుకుంటారు. పెంట, మూత్రం నేలకి పడతాయి. ఏ కాపరి మంద ఏ చేనులో ఆగాలన్నది పాత వంతు. అప్పలసూరి తాత నాటి నుంచి ఒక కాపరి కుటుంబం మంద వాళ్ల చేనులోనే ఆగేది. ఆ వంతు ఒకసారి ఇంకొకరికి ఒదిలేస్తే, అవతలివాడు పదిమందిలో నోరు తెరిచి తిరిగి ఇచ్చేదాకా అది అతనిదే. ఆ వంతు కోసం పక్క చేను శ్రీరామ్మూర్తి ఏళ్ల తరబడి కాచుకుని ఉన్నాడు.

ఆ ఆదివారం అప్పలసూరి అడిగాడట.

"శ్రీరామ్మూర్తి మందనడుగుతన్నాడు బావా. ఆడి సేను మరీ సచ్చిపోనాది. ఈ ఏడు ఒగ్గీమంటావా?"

"ఒగ్గీ బావా. నీ బూమిలో బలముంది. రెజిను సెప్పినాది."

అంతే. ఇద్దరూ మంచి మనసుతోనే అనుకున్నారు. మంద శ్రీరామ్మూర్తి చేనులోకి పోయింది.

ఆ ఏడు వానలు మొదట్లో దంచి కొట్టాయి. ఏటవాలు చేను మీద నీళ్లు ఎర్రగా పారాయి. ఆ తర్వాత మబ్బు మొహం చాటేసింది. శ్రావణం వచ్చేసరికి అప్పలసూరి చోడి పసుపు పచ్చగా, మోకాలెత్తు కూడా లేకుండా నిలబడింది. గట్టుకి అవతల శ్రీరామ్మూర్తి చోడి నల్లటి ఆకుపచ్చగా గాలికి ఊగుతోంది. రెండు చేలకీ అదే వాన, అదే ఎండ. అడ్డం ఒక్క గట్టే.

తాయారు వెళ్లి చేను చూసి వచ్చింది. మూడో రోజు అన్నం వడ్డిస్తూ, "మా అన్న పిల్లలు ఏటి తింటారు ఈ ఏడు?" అంది. పోలిరాజు కంచం ముందు నుంచి లేచిపోయాడు. ఇది నాకు తాయారే చెప్పింది.

"రెజిను అబద్ధమాడింది గఫూరూ" అన్నాడు నాతో. "పద, ఆయన్నే అడుగుదాం." నన్ను కూడా లాక్కుపోయాడు.

సీతారామాంజనేయులు గారు ఓపిగ్గా విన్నారు. "రైతులకి చెప్పొద్దన్నాను కదండీ, వానాకాలం సంచులు ఇంకా మట్టిలోనే ఉన్నాయి" అని మాత్రం అన్నారు. తర్వాత, "నాకూ ఒక అనుమానం ఉండిపోయింది. మిగతా మూడు చోట్లా సంచులు విప్పితే గుళికలు ముడుచుకుపోయి, కొన్ని పగిలి ఉన్నాయి. మీ బావగారి చేనులోవి మాత్రం నిగనిగలాడుతూ గుండ్రంగా ఉన్నాయి. అక్కడ ఊట ఉందేమో అనుకున్నాను. ఉందా?" అన్నారు.

"ఊటేటి బాబూ, నానే పోసినాను నీళ్లు."

"ఏమిటీ?"

"ఎండిపోతే పగిలిపోతాయి గదండీ. ఆదివారం ఆదివారం ఎల్లి బిందెతో పోసినాను."

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. కోప్పడతారనుకున్నాను. కోప్పడలేదు. నెమ్మదిగా, చిన్న క్లాసు పిల్లలకి చెప్పినట్టు చెప్పారు. మట్టిలో తిండి ఉన్నా అది తనంతట తాను నడవలేదు. నీళ్లుంటేనే కదిలి వేరు దగ్గరికో, గుళిక దగ్గరికో చేరుతుంది. అందుకే ఎండు నేలలో గుళికలకి ఏమీ అంటదు. కాగిన మట్టి మీద తడి పడితే మట్టిలోని సూక్ష్మజీవులు ఒక్కసారిగా లేచి, ఉన్న తిండినంతా విడగొట్టి బయట పెడతాయి. అప్పుడు గుళికలకి పండగే. "మీరు నాలుగు పొలాల్లో మూడింటికి వేసవి ఇచ్చారు, ఒకదానికి వానాకాలం ఇచ్చారు. నేను ఎండ సంగతి చూద్దామని పాతితే, మీరు ఎండ తగలకుండా కాపాడారు" అన్నారు. తర్వాత, "నీళ్లు పోయొద్దని నేను చెప్పాల్సింది. ఎవరైనా పోస్తారని తోచలేదు" అన్నారు.

పోలిరాజు అడిగిన ప్రశ్న ఒక్కటే. "అయితే మా బావ సేనులో బలం నేదాండీ?"

"అందరి చేలలో ఉన్నంత ఉంది. మందని మాన్పించేంత లేదు."

తిరిగి వస్తూ బస్టాండులో అన్నాడు, "బావకి సెప్పాల. ఒక్కణ్ణీ ఎల్లలేను, నువ్వూ రా." నాకు సెకండ్ షిఫ్టు ఉంది. అయినా వెళ్లాను. అంత పెద్ద మనిషి నోట ఆ మాట వచ్చాక డ్యూటీ గుర్తొస్తుందా?

అప్పలసూరి చేనులోనే ఉన్నాడు. కలుపు తీస్తున్నాడు, తీయడానికి పంట ఉన్నట్టు. పోలిరాజు గట్టు మీదే నిలబడి, దిగకుండా, మొత్తం చెప్పేశాడు. బిందె, ఎండ, గుళికలు, ఆయన చెప్పొద్దన్న మాట, అన్నీ. చెప్పి తల దించుకున్నాడు.

అప్పలసూరి నడుం నిటారు చేశాడు.

"నువ్వు నీళ్లు పోత్తన్నట్టు నాకు తెలుసు గద బావా."

"తెలుసా?"

"తెలక పోడానికేటి? అంతెండలో నువ్వు పోసిన కాడల్లా తోటకూర మొలిసినాది. మీ సెల్లి కోసి పప్పులో ఏసింది. నువ్వూ తిన్నావు, బాగుందన్నావు."

నేను ఆపుకోలేక నవ్వేశాను. పోలిరాజు నవ్వలేదు.

"మరి ఒక్క మాట అడగలేదేటి బావా?"

"అదీ ఆ పరీచ్చలో ఒక పనే అనుకున్నాను. సదువుకున్నోళ్ల పని, నువ్వు దగ్గరుండి సేత్తన్నావు, మజ్జిలో నానేటి అడుగుతాను?"

అప్పుడు పోలిరాజు కూర్చుండిపోయాడు. నమ్మకంతోనే అడగలేదన్నది అతనికి తిట్టు కన్నా గట్టిగా తగిలింది. నాకూ నవ్వు ఆగిపోయింది.

అప్పలసూరి అవతలి చేను వైపు చూస్తూ అన్నాడు, "సోళ్లు తక్కువైతే నూకలు కాసుకు తాగుతాం. అది కాదు బావా. మంద వొంతు పోనాది. మా తాత కాడి నించీ ఉన్నాది. వొచ్చే ఏడు కూడా ఇలగే అయితే ఈ సేనిక సేను కాదు."

పోలిరాజు లేచాడు. నేరుగా గట్టు దాటి శ్రీరామ్మూర్తి కళ్లం దగ్గరికి నడిచాడు. వెనకాలే నేను, నా వెనక "ఒద్దు బావా, ఒద్దు" అంటూ అప్పలసూరి. కళ్లం దగ్గర ఏడెనిమిది మంది ఉన్నారు, కాపరి కూడా ఉన్నాడు. అంతమంది ముందూ పోలిరాజు ఇందాకటి మాటలే మళ్లీ చెప్పాడు. చెప్పి, "తప్పు మా బావది కాదు, నాది. వొంతు ఆడికిచ్చీ శ్రీరామ్మూర్తీ" అన్నాడు. ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుకి కూడా తల వంచని మనిషి.

శ్రీరామ్మూర్తి ముందు నమ్మలేదు. "ఎండిపోతాయని నీళ్లు పోసినావా? గుళికలకా?" అన్నాడు. నమ్మాక పొట్ట పట్టుకుని నవ్వాడు. కళ్లం కళ్లమంతా నవ్వింది. పోలిరాజు అన్ని నవ్వులూ అయ్యేదాకా నిలబడ్డాడు.

నవ్వు తగ్గాక శ్రీరామ్మూర్తి కాపరి వైపు తిరిగి, "వొంతు అప్పలసూరిదే. నాకీ ఏడు సాలు" అన్నాడు. ఆ తర్వాత పోలిరాజుతో, "కానీ ఒక షరతు. ఈపాలి నీళ్లు పొయ్యనని మాటియ్యి. నీ నీళ్లకి మా ఊరు తట్టుకోనేదు" అన్నాడు. పోలిరాజు అందరి ముందూ మాటిచ్చాడు. ఆ చుట్టుపక్కల అతని పేరు ఆ రోజుతో గుళికల బావ అయిపోయింది.

ఆ ఏడు తాయారు మా ప్లాంటువాళ్ల రేషను బియ్యం కూడా సర్ది అన్న ఇంటికి పంపింది. అప్పలసూరి వద్దనలేదు. వద్దంటే చెల్లెలు ఏడుస్తుందని తీసుకున్నాడు.

మరుసటి వేసవికి సీతారామాంజనేయులు గారు మళ్లీ అవే పొలాల్లో సంచులు పాతారు. అప్పలసూరే అడిగి పాతించుకున్నాడు. పోలిరాజు రెజిన్ కడిగి ఇచ్చాడు, అక్కడితో సరి. ఆ వేసవంతా పెందుర్తి బస్సెక్కలేదు. ఆదివారాలు మా ఇంటికొచ్చి అరుగు మీద కూర్చునేవాడు. మామిడికాయల రోజుల్లో తాయారు ఒక్కతే పుట్టింటికి వెళ్లింది.

"మీ బావ ఏమనుకుంటాడు?" అన్నాను.

"ఎల్తే పోసేత్తాను గఫూరూ" అన్నాడు. "సెయ్యి ఆగదు."

ఎండ పెరిగిన కొద్దీ మనిషి చిక్కిపోయాడు. ప్లాంటులో ట్యాంకులకి నీటి మట్టం రెండేసి సార్లు చూసేవాడు. అక్కడ పోయలేనిది ఇక్కడ పోసుకుంటున్నాడని మేమెవ్వరం నవ్వలేదు.

సంచులు తీసే రోజు నన్ను వెంటబెట్టుకుని వెళ్లాడు. కాపరి మందని తోలుకొచ్చి గట్టు అవతల ఆపాడు. సంచులు పైకొచ్చాక చేనులోకి దింపుతాడు. అప్పలసూరి గునపంతో పెళ్లగించాడు. మట్టి ఇటుకలా లేచింది. సీతారామాంజనేయులు గారు మొదటి సంచి విప్పి, కొన్ని గుళికలు పోలిరాజు అరచేతిలో వేశారు. నిగనిగ లేదు, తేనె రంగు లేదు. ముడుచుకుపోయి, పాలిపోయి, కొన్ని రెండు చెక్కలైపోయి ఉన్నాయి.

పోలిరాజు వాటిని వేలితో కదిపి చూశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"పగిలిపోనాయి బావా" అన్నాడు.

"పగిలితే పగిలినాయి. ఈపాలి అబద్ధం ఆడవు గద" అన్నాడు అప్పలసూరి.

గట్టు మీద తాగడానికి తెచ్చిన నీళ్ల ముంత ఉంది. పోలిరాజు చెయ్యి దానంతట అదే ముంత మీదికి పోయింది. ఎత్తాడు కూడా. ఎత్తి, సంచి తీసిన గుంట వైపు చూశాడు. కాపరితో సహా మేమందరం ముంత వైపే చూశాం.

అప్పలసూరి అతని మోచెయ్యి పట్టుకున్నాడు. ముంతని మెల్లగా అతని నోటి వైపు తిప్పాడు.

"ఇది నువ్వు తాగు బావా. ఎండిపోనావు."

పోలిరాజు ముంత ఖాళీ అయ్యేదాకా తాగాడు. కాపరి అదిలించాడు. గొర్రెలు గట్టు దిగి చేనులోకి వచ్చాయి.